తోట ఎండిన ఇంటికి పరామర్శకు ఎవరూ రారు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు తీసుకున్నాను. ఊళ్లు వేరు, కష్టాలు వేరు. కానీ చదువుతూ పోతే నాలుగింటిలోనూ నాకు ఒకే రకం మనిషి కనిపించారు. తమవాళ్ల కష్టం చూసి తట్టుకోలేక, దాన్ని ఎట్లాగైనా తీర్చేయాలని పరిగెత్తి పరిగెత్తి, ఆ పరుగులో తమవాళ్లనే వెనక వదిలేసిన మనిషి. నేనూ అట్లాంటిదాన్నే, ఆ సంగతి రెండో జవాబులో చెప్తాను. మొదటి ఉత్తరానికి చోటు ఎక్కువ పట్టింది. తగ్గించబుద్ధి కాలేదు.

ప్రశ్న: అక్కా, మాది నార్పల మండలంలో ఒక పల్లె. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. మా నాయనకు అరవై మూడేళ్లు. మాకు మూడెకరాల చీనీ (బత్తాయి) తోట ఉండేది. బోరు ఎండిపోతే ఇంకో రెండు వేయించాం. ఒకదాంట్లో దుమ్ము తప్ప ఏమీ రాలేదు, ఇంకోటి నెలరోజులు పోసి ఆగిపోయింది. ఎండాకాలమంతా ట్యాంకర్లతో నీళ్లు తోలాం, అయినా చెట్లు నిలవలేదు. ఈ ఏడు కొట్టించేశాం. అప్పటి నుంచి నాయన సరిగా మాట్లాడడు. నేను ప్రతి ఆదివారం ఫోన్ చేసి ఏదో ఒక దారి చెప్తూనే ఉన్నాను. కొర్ర వెయ్యి, కదిరి లేపాక్షి శెనక్కాయ వెయ్యి, లేకుంటే పొలం కౌలుకిచ్చి బెంగళూరు వచ్చేయ్ అని. ఆయన 'సరేలే' అని ఫోన్ అమ్మకు ఇచ్చేస్తాడు. పోయిన వారం కోపం వచ్చి, 'నేను చెప్పింది ఒక్కటైనా చేస్తావా నువ్వు' అని అరిచాను. ఇప్పుడు నా ఫోనే తీయడం లేదు. ఆయన మేలు కోరే కదా చెప్తున్నది? ఆయన్ని మార్చేది ఎట్లా? (పేరు వద్దన్నారు)

జవాబు: తమ్ముడూ, మూడెకరాల తోట అని రాశావు కానీ ఎన్ని చెట్లో రాయలేదు. ఎకరాకు నూటపది చొప్పున వేసుకున్నా మూడు వందలకు పైనే. మీ నాయనను అడుగు, ఒక్క చెట్టు తేడా లేకుండా చెప్తాడు. ఏ సాలులో ఎన్ని, ఏది ముందు కాపుకొచ్చింది, దేనికి బంక తెగులు తగిలితే బెరడు గీకి మందు పూశాడు, అన్నీ ఆయనకు గుర్తే. చీనీ మొక్క నాటితే కాపు చేతికొచ్చేసరికి నాలుగైదేళ్లు. అంతవరకు దాని నుంచి పైసా రాదు, మధ్య సాళ్లలో ఏ శెనక్కాయో కలింగరో వేసుకుని ఇల్లు గడుపుకుంటూ ఆ మొక్కలను సాకాలి. సాకడం అనే మాటే వాడతారు మన రైతులు, పిల్లలకు వాడే మాటే.

మన పల్లెల్లో ఒక మనిషి పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వరు. బంధువులు అన్నం వండి తెస్తారు, ఊళ్లోవాళ్లు ఒక్కొక్కరే వచ్చి పక్కన కూర్చుని పోతారు, ఏమీ మాట్లాడకపోయినా కూర్చుంటారు. ఎద్దు చచ్చిపోయినా నలుగురొచ్చి 'అయ్యో, ఎంత మంచి ఎద్దు' అంటారు. మూడు వందల చెట్లు పోతే మీ ఇంటికి ఎవరొచ్చారు? కట్టెల బేరం వాళ్లు వచ్చి ఉంటారు. ఆ తర్వాత ఆదివారం కొడుకు ఫోన్ చేసి కొర్ర వెయ్యమన్నాడు.

నిన్ను నొప్పించాలని ఈ మాట రాయడం లేదు. నీ సలహాల్లో ఒక్కటి కూడా చెడ్డది కాదు. కొర్ర తక్కువ నీళ్లతో వస్తుంది. కదిరి పరిశోధన కేంద్రం ఇచ్చిన శెనక్కాయ రకాలు మన సీమకు అక్కరకొచ్చినవే. కానీ ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు మించి వాన పడని జిల్లాలో, ముంగారు వాన కోసం మబ్బును చూస్తూ, పదును అయిందో లేదో మట్టి పిడికిట్లో పట్టి చూసుకుంటూ, శెనక్కాయకు ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తే గుండె చిక్కబట్టుకుంటూ నలభై ఏళ్లు సేద్యం చేసిన మనిషికి ఈ సంగతులు తెలియవని అనుకున్నావా? ఆయనకు తెలుసు. నువ్వు చెప్పే ప్రతి దారీ ఆయన చెవికి వేరే మాటగా చేరుతోంది: 'నీకు చేతకాలేదు నాయనా, నేను చెప్పినట్టు చేసుంటే ఇట్లా అయ్యేది కాదు.' నువ్వు అట్లా అనలేదు, నాకు తెలుసు. అయినా దెబ్బ తిన్నవాడికి ఎవరేం చెప్పినా అట్లాగే వినిపిస్తుంది. అందుకే 'సరేలే' అని ఫోన్ అమ్మ చేతిలో పెడుతున్నాడు. నీ మీద కోపంతో కాదు, నీ ముందు ఇంకోసారి ఓడిపోవడం ఇష్టం లేక.

ఇంకో సంగతి. నువ్వు అరిచిన మాట ఉంది చూడు, 'నేను చెప్పింది ఒక్కటైనా చేస్తావా' అని, అక్కడ ఒక్క నిమిషం ఆగు. ఎదుటివాళ్ల కష్టం తీర్చాలని బయలుదేరిన అందరమూ చివరికి చేరేది ఆ మాట దగ్గరికే. మొదట ప్రేమతోనే సలహా చెప్తాం. వాళ్లు వినరు. మళ్లీ చెప్తాం. అప్పుడు మనకు తెలియకుండానే మనసులో లెక్క మారిపోతుంది, నాయన బాగుండాలి అనేది పోయి నా మాట నెగ్గాలి అనేది వచ్చి కూర్చుంటుంది, ఇక ఆయన మన మాట వింటే మంచివాడు, వినకపోతే మొండివాడు. తండ్రి మీద ప్రేమకు అట్లాంటి షరతు ఏమిటి తమ్ముడూ? ఆయన రేపు మళ్లీ చీనీ మొక్కలే పెడతానన్నా, ఏమీ వేయకుండా పొలం బీడు పెట్టుకున్నా ఆయన నీ నాయనే కదా.

నీ ఉత్తరమంతా చదివాక నాకు అర్థమైనది, నీకు భయంగా ఉంది. నాలుగైదు గంటల దారిలో నాయన మూగగా కూర్చుని ఉన్నాడు, నీకు రాత్రి నిద్ర పట్టడం లేదు. మనసును తినేసే దిగులును మన వైపు మనేద అంటారే, అది ఆయనకూ ఉంది, నీకూ ఉంది. ఆయన మళ్లీ ఏదో ఒక పంట పెట్టేస్తే నీ మనేద తీరుతుంది. అంటే ఆయన దుఃఖం తొందరగా అయిపోతే బాగుండు అని నువ్వు కోరుకుంటున్నావు. ఆయనకు మాత్రం ఆ దుఃఖం ఇంకా మొదలు కూడా కాలేదేమో, దానికి ఎవరూ చోటివ్వలేదు కాబట్టి.

కాబట్టి ఈ ఆదివారం ఫోన్ చేయొద్దు, ఊరికి వెళ్లు. రెండు రాత్రులు ఉండేలా వెళ్లు, లాప్‌టాప్ తీసుకుపోవద్దు. పోయిన రోజు ఏమీ మాట్లాడకు, అమ్మ చేసిన సంగటి ఆయన పక్కన కూర్చుని తిను. రాత్రి అరుగు మీద ఆయన మంచం పక్కన నీ మంచం వేసుకో. మన సీమలో కొడుకు తండ్రితో 'నువ్వంటే నాకు ప్రాణం నాయనా' అని నోరు తెరిచి చెప్పే అలవాటు లేదు, చెప్పకపోయినా ఏం కాదు, పక్కన మంచం వేసుకుంటే ఆయనకు తెలుస్తుంది. అరిచినందుకు మాత్రం నోటితోనే చెప్పు. 'ఆ రోజు అట్లా అనకుండా ఉండాల్సింది నాయనా' అంటే చాలు, దానికి కారణాలు తగిలించకు.

తెల్లారి ఆయనతో పొలానికి పో. మొద్దులు ఇంకా అట్లే ఉంటాయి. వాటి మధ్యకు నడిచిపోయి అడుగు, ఏ చెట్టు ముందు కాసింది నాయనా అని. తొలి కాపు అనంతపురం మార్కెట్‌కు తోలిన రోజు సంగతి అడుగు. ఆయన చెప్తే విను. కళ్లలో నీళ్లొస్తే వేరే మాట ఎత్తకు, 'పోనీలే నాయనా' అనకు, మంచి మాటే అనుకుంటాం కానీ అది నోరు మూసే మాట. ఊరికే నిలబడు. ఆయన ఏమీ చెప్పకపోయినా, చెప్పులతో మట్టి కెలుకుతూ నిలబడి ఇంటికి తిరిగొచ్చేసినా, నీ ప్రయాణం వృథా కాలేదు. ఆ తోటకు పరామర్శకు వచ్చిన మొదటి మనిషివి నువ్వే అవుతావు.

అప్పు ఎంతుందో అడగొద్దా అంటావు. అడగాలి, కానీ ఆడిట్‌కు వచ్చినట్టు అడగొద్దు. రెండు బోర్లు, ఎండాకాలమంతా ట్యాంకర్లు అంటే నీకు తెలిసిన అప్పుకన్నా తెలియనిది ఎక్కువే ఉంటుంది, బయటివాళ్ల దగ్గర వడ్డీకి తెచ్చినది కూడా ఉండొచ్చు. ఆయనంతట ఆయన ఒకరోజు చెప్తాడు. చెప్పినప్పుడు 'ఇన్నాళ్లు ఎందుకు దాచావు' అన్న మాట నీ నోట్లోంచి రాకూడదు. నీ జీతం, నీ తెలివి, డ్రిప్ దరఖాస్తు, నువ్వు చెప్పిన కొర్ర, ఇవన్నీ పనికొచ్చేది అప్పుడే. సమస్యను వదిలేయమని నేను అనడం లేదు. మనిషి దగ్గరికి ముందు చేరమంటున్నాను.

ఒక్క చోట మాత్రం ఈ నెమ్మది పనికిరాదు. 'నేను లేకుంటే మీరు బాగుంటారు' లాంటి మాట ఆయన నోట వచ్చినా, తిండి నిద్ర రెండూ పోయినా, ఉన్నట్టుండి పాసుపుస్తకాలు, బాకీ కాగితాలు సర్ది అమ్మకు అప్పజెప్తున్నా, ఆ రోజే నేరుగా అడుగు: 'నాయనా, చచ్చిపోవాలని అనిపిస్తోందా?' అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు, అది నిజం కాదు, అడిగితే బరువు దిగుతుంది. అవునంటే ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో, పొలం దగ్గర ఉన్న పురుగుల మందు డబ్బాలు ఈ రోజే తీసి ఆయన చేతికి అందని చోటికి పంపించేయ్, అసలు ఆ పని ఇప్పుడే ఎట్లాగూ చెయ్. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు పగలైనా రాత్రైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యులు ఉన్నారు, నువ్వే వెంటబెట్టుకుని పో, అమ్మ మీద వదలొద్దు.

ప్రశ్న: అక్కా, మాది ప్రొద్దుటూరు. మా అత్తకు డెబ్బై రెండేళ్లు, చక్కెర జబ్బు. మా ఆయన పనిమీద తిరుగుతుంటారు, అంతా నేనే చూసుకోవాలి. ఉదయం సాయంత్రం మిషన్‌తో చక్కెర చూసి పుస్తకంలో రాస్తాను. తిండి కొలిచి పెడతాను. అయినా ఆమె పక్కింటి నుంచి ఓళిగలు (బొబ్బట్లు) తెప్పించుకుని కొంగులో దాచుకుని తింటోంది. పట్టుకుంటే, 'నువ్వు కోడలివా, జైలు జమాదారువా' అని అందరి ముందూ అంది. నాకు ఏడుపొచ్చింది. ఇంత చేసినా నేను చెడ్డదాన్ని అయ్యాను. వదిలేయమంటారా?

జవాబు: వదిలేయొద్దు చెల్లీ. నువ్వు చేస్తున్నది చిన్న పని కాదు, కన్న కూతుళ్లు కూడా ఇంత చేయలేరు. నీకు ఏడుపొచ్చిందంటే నాకూ బాధగానే ఉంది.

నా సంగతి చెప్తానన్నాను కదా. మా అమ్మ కడపలో మా ఇంట్లోనే చివరి మూడేళ్లు ఉంది. నేను పెద్ద కూతురిని, పనిమంతురాలినని అందరూ అంటుంటే నమ్మినదాన్ని. అమ్మకు ఒక ఫైలు పెట్టాను, రిపోర్టులు తేదీల వారీగా, మందుల డబ్బాలకు చీటీలు. ఉదయం ఆఫీసుకు పోయే ముందు ఆమె గదిలోకి పోయి నిలబడే అడిగేదాన్ని, మందు వేసుకున్నావా, మోషన్ అయిందా, కాళ్లు ఎట్లున్నాయి అని. ఆమె కాళ్ల నొప్పులు రోజురోజుకూ ఎక్కువయ్యాయి. ముగ్గురు డాక్టర్లను మార్చాను. తైలాలు, బెల్టులు, ఎక్స్‌రేలు, ఏదీ పనిచేయలేదు. ఒకరోజు మా ఇంట్లో పనిచేసే ఆమె, పదేళ్లు నాకన్నా చిన్నది, అంట్లు తోముతూ నెమ్మదిగా అంది: 'అమ్మగారూ, మీరు ఆదివారం పెద్దమ్మ దగ్గర కూర్చుంటారు చూడండి, ఆ రోజు ఆమె కాళ్ల మాటే ఎత్తదు.'

నాకు చేతిలో పని ఆగిపోయింది. నేను నొప్పి ఉంటేనే ఆగుతానని, నొప్పి గురించి అయితేనే వింటానని మా అమ్మ కనిపెట్టింది. అందుకని పాపం నొప్పులు చెప్పుకుంది. నొప్పులు అబద్ధం కాదు, ఆ వయసులో అందరికీ ఉండేవే. కానీ ఆమెకు నాతో చెప్పాలనున్నది వేరే ఏదో, తన పుట్టింటి బావి గురించో, చిన్నప్పుడు పోయిన తన చెల్లెలి గురించో. ఆ తర్వాత ఏడాదిన్నర నేను రోజూ కూర్చున్నాను. మొదటి ఏడాదిన్నర ఇంకా నన్ను కోస్తూనే ఉంటుంది.

మీ అత్త కొంగులో దాచుకున్నది ఓళిగే కావచ్చు, కానీ ఆమె నీతో గొడవ పడుతున్నది తన ఇంట్లో తాను ఒక రోగిగా మిగిలిపోయినందుకు. ఆ వంటింటిని ఆమె ఎన్నేళ్లు నడిపింది? ఎంతమందికి వడ్డించింది? ఇప్పుడు ఆమెకు కొలిచి పెడుతున్నారు. ఒక పని చెయ్, వచ్చే పండక్కి ఓళిగలు నువ్వే చెయ్, ఆమెనే పక్కన కూర్చోబెట్టుకుని. పూర్ణం పాకం ఎంతవరకు రావాలో ఆమెనే అడుగు, తెలిసినా అడుగు. చేశాక సగం ఓళిగ నీ చేత్తో ఆమెకు పెట్టు, అన్నం ఆ పూట కొంచెం తగ్గించి. దాచుకుని మూడు తినేదానికన్నా ఎదురుగా సగం తినడం నయం.

డాక్టరును కూడా ఒక్కమాట అడుగు. వయసు పైబడిన వాళ్లకు చక్కెర మరీ గట్టిగా అదుపు చేయాలని డాక్టర్లు పట్టుబట్టరు, మూడు నెలల సగటు లెక్కను కొంత సడలిస్తారు. ఎందుకంటే ఆ వయసులో చక్కెర మరీ పడిపోతే కళ్లు తిరిగి పడిపోవడం, తుంటి విరగడం లాంటివి ఇంకా పెద్ద ప్రమాదం. మీ అత్తకు ఎంతవరకు ఉండొచ్చో, రోజూ రెండుసార్లు వేలు గుచ్చడం నిజంగా అవసరమో కాదో ఆయనే చెప్పాలి. ఇన్సులిన్ వాడుతుంటే లెక్క వేరు, కాబట్టి నీ అంతట నువ్వు ఏదీ మార్చొద్దు, మాత్రలు అసలే ఆపొద్దు. అట్లాగే రాగి సంగటి అయితే ఎంతైనా పెట్టొచ్చని చాలామంది అనుకుంటారు, అది కూడా ముద్ద సైజు చూసి పెట్టాల్సిందే.

చక్కెర చూసే టైమ్‌కు కాకుండా ఇంకో టైమ్‌కు కూడా ఆమె గదిలోకి పో. మిషన్ లేకుండా పో. నీ పుట్టింటి ముచ్చట ఏదైనా చెప్పు, ఆమె తలకు నూనె రాయి. ఆమె అన్న మాట నిన్ను ఎంత నొప్పించిందో మీ ఆయనకు చెప్పుకో, ఆయన ఊళ్లో ఉన్న రోజు అమ్మను చూసుకునే పని ఆయనదే అని కూడా చెప్పు. నీకూ ఒకరు పక్కన కూర్చోవాలి కదా.

ప్రశ్న: నేను పత్తికొండ దగ్గర గ్రామ సచివాలయంలో పని చేస్తున్నాను. రోజూ జనం వస్తారు. పింఛను ఆగిందని, భూమి సర్వేలో తేడా వచ్చిందని, రేషన్ కార్డులో పేరు పోయిందని. సగం పనులు నా చేతిలో ఉండవు. మొదట్లో చాలా బాధపడేవాడిని. ఇప్పుడు వాళ్ల ముఖం చూడకుండా కంప్యూటర్ చూస్తూ 'పైకి పంపాం, వస్తుంది' అనేస్తున్నాను. ఇట్లా తయారయ్యానేమిటని నాకే భయమేస్తోంది.

జవాబు: తమ్ముడూ, భయమేసిందంటే నువ్వు ఇంకా బాగానే ఉన్నావు.

మీ పత్తికొండకు ఒక పాత సంగతి ఉంది. థామస్ మన్రో 1827 జూలైలో కలరా తగిలి చనిపోయింది అక్కడే. 1800 నుంచి 1807 వరకు ఆయన ఈ దత్తమండలాలకు, అంటే మన సీమ వైపు జిల్లాలకు కలెక్టరు, తర్వాత మద్రాసు గవర్నరు. ఆయన ఈస్టిండియా కంపెనీ మనిషి, శిస్తు వసూలుకే వచ్చాడు, ఆ శిస్తు బరువుగానే ఉండేది, అది నేను మరచిపోను. కానీ గుర్రమెక్కి, గుడారాల్లో ఉంటూ ఊరూరూ తిరిగాడు, రైతులు చెప్పింది విన్నాడు. శిస్తు నాలుగో వంతు తగ్గించాలని 1807లో పైకి రాశాడు. పైవాళ్లు అప్పుడు ఒప్పుకోలేదు. అంటే నీలాగే, ఆయన కూడా 'పైకి పంపాం' దగ్గర ఆగిపోయినవాడే. అయినా మన సీమ జనం బిడ్డలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారు. పని జరిగిందా లేదా అనేది ఒక్కటే జనం చూస్తారనుకుంటే ఈ పేర్లు ఎక్కడి నుంచి వచ్చినట్టు?

పింఛను ఆగిన అవ్వ నాలుగు మైళ్లు నడిచొచ్చి ఉంటుంది. నీ చేతిలో లేనిది ఇవ్వలేవు. కుర్చీ ఉంది. నీళ్లు ఉన్నాయి. కంప్యూటర్ మీద నుంచి కళ్లు తీసి 'కూర్చో అవ్వా, ఎట్లొచ్చావు' అనడానికి ఎవరి ఉత్తర్వూ అక్కర్లేదు. ఆ తర్వాత నిజం చెప్పు. 'వస్తుంది' అని ఊరికే చెప్పి పంపొద్దు, దానికి ఆమె ఇంకో మూడుసార్లు తిరుగుతుంది. ఎక్కడ ఆగింది, ఎవరు చేయాలి, ఎప్పుడు మళ్లీ రావాలి, అసలు రావాల్సిన పని లేకుండా నువ్వే ఫోన్ చేస్తావా, ఇవి చీటీ మీద రాసివ్వు. కానిది అయితే కాదనే చెప్పు, ముఖం చూసి చెప్పు. కష్టమే. కాదన్న మాట ముఖం చూసి చెప్పగలగాలంటే ఎదుటిమనిషి మీద గౌరవం ఉండాలి. నీకు అది ఉంది, లేకుంటే నాకు ఈ ఉత్తరం రాసేవాడివి కాదు. రోజుకు నలభై మందితో అట్లా చేయలేనంటే నలుగురితో మొదలుపెట్టు.

ప్రశ్న: కోసిగి వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో టీచర్‌ను. సంక్రాంతి అయ్యాక సగం మంది పిల్లలు తల్లిదండ్రులతో సుగ్గికి పోతారు, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి. ఒక పాప, మూడో తరగతి, బాగా చదువుతుంది. పోయిన ఏడాది వాళ్లమ్మను ఎంతో బతిమాలాను, పాపను అవ్వ దగ్గరైనా వదిలిపెట్టి పొమ్మని. ఆమె విసుక్కుంది. ఈ ఏడాది నన్ను చూస్తే సందులోకి తప్పుకుంటోంది. నేను ఏం తప్పు చేశాను?

జవాబు: టీచర్ గారూ, మీరు తప్పు చేయలేదు. కానీ ఆ తల్లి వైపు నుంచి ఒకసారి చూడండి. బిడ్డను మూడు నెలలు వదిలి పోవాలంటే ఆమెకు ఏమవుతుందో మీరు అడిగారా? అవ్వకు కళ్లు కనపడతాయా, రాత్రి పాపకు జ్వరమొస్తే ఎవరున్నారు, ఆడపిల్లను ఒంటరిగా వదలడానికి ఆమెకు ఏం భయాలున్నాయి? ఆమె బిడ్డ చదువుకు అడ్డం పడుతున్నదని మీరనుకున్నారు, ఆమె బిడ్డను కళ్లముందు పెట్టుకుంటున్నానని అనుకుంది. మీ ఇద్దరిదీ ఆ పాప మీద ప్రేమే.

ఈసారి ఆమె ఇంటికి పొండి, చదువు మాట లేకుండా. సుగ్గిలో ఎక్కడ పడుకుంటారు, గుడారమా, షెడ్డా, చేతులు మంటలు పుడితే ఏం రాసుకుంటారు అని అడగండి. నిజంగా తెలుసుకోవాలని ఉంటేనే అడగండి. వలస పోయినవాళ్ల పిల్లలను ఉంచుకునే సీజనల్ హాస్టల్ ఏమైనా దగ్గర్లో తెరిచి ఉంటే దాని సంగతి ఆమె అడిగినప్పుడు చెప్పండి, వీలైతే తీసుకుపోయి చూపించండి. ఆమె ఒప్పుకోకపోతే పాప చేతికి ఒక నోటుపుస్తకం, రెండు పెన్సిళ్లు, చదువుకోవడానికి ఒక కథల పుస్తకం ఇచ్చి పంపండి, అక్కడ చూసినవన్నీ బొమ్మలు గీసి తెమ్మని.

ఉగాదికి పాప తిరిగొస్తుంది. తరగతి గడప దగ్గర నిలబడి లోపలికి రావాలా వద్దా అని చూస్తుంది. 'ఇన్ని రోజులు ఎక్కడికి పోయావు, పాఠాలన్నీ అయిపోయాయి' అన్న మాట వద్దు. ఆమె కూర్చునే జాగా ఎవరికీ ఇవ్వకుండా ఉంచండి. పలకరించి, ఆ చేతులు ఒకసారి పట్టుకుని చూడండి, మిరపకాయల మంట ఇంకా ఉందేమో.